పదకొండులో పది చీరలు

ఫ్లెక్సీలో ఆరేళ్ళు ఎక్కువ పడ్డాయి.

తార్నాకలో మా వీధి మలుపు దగ్గర, కోచింగ్ సెంటర్ల బోర్డుల పక్కన, కరెంటు స్తంభానికి కట్టారు దాన్ని. పైన శ్రద్ధాంజలి, మధ్యలో నా పాత స్నేహితురాలి ఫొటో, కింద జననం, మరణం. మరణం తేదీ సరిగ్గానే ఉంది. జననం దగ్గర తేదీ లేదు, ఉత్త సంవత్సరం వేశారు. అదీ తప్పు వేశారు. రెండుసార్లు తీసివేసి చూసుకున్నాను. ఆ లెక్కన ఆమె ఎనభై రెండేళ్ళకు పోయినట్టు. నాకు తెలిసి ఆమెకు డెబ్బై ఆరు.

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ముప్పై మూడేళ్ళు మార్కులు కూడిన మనిషిని. తప్పు అంకె కనబడితే దాటి పోలేను. కూరల సంచీ చేతిలో ఉండగానే ఆమె ఇంటికి నడిచాను. ఆమె తమ్ముడి కొడుకు మల్కాజ్‌గిరి నుంచి వచ్చి, దినాలకు కావలసిన కుర్చీలు ఆటోట్రాలీలోంచి దింపుకుంటున్నాడు. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు.

“బాబూ, ఫ్లెక్సీలో సంవత్సరం తప్పు పడింది. ఆరేళ్ళు ఎక్కువ వేశారు. దినాలకు ఇంకా నాలుగు రోజులున్నాయి, మార్పించవచ్చు.”

అతను చేతిలోని కుర్చీ కింద పెట్టాడు. “లేదమ్మా, కరెక్టే ఏయించిన.”

“సర్టిఫికెట్ నేను చూశాను. ఆమె పెన్షన్ కాగితాలు నింపింది నేనే. జూలై ఒకటి…”

“గదా? గది సర్కారు డేటమ్మా. హెడ్‌మాస్టర్ ఏసిన డేటు.” అతను నవ్వాడు. “మా అత్తమ్మ మెట్రిక్ కట్టేటప్పటికే పెద్దమనిషి. ఉన్న వయసు ఉన్నట్టు రాస్తే నౌకరి దొరకదని ఆరేండ్లు తగ్గించి రాసిండట సారు. మా నాయన కంటె అత్తమ్మ మూడేండ్లు పెద్ద. సర్టిఫికెట్ జూస్తే మూడేండ్లు చిన్నదయితది. ఇంట్ల అందరికీ ఎరుకే. పానం ఉన్నన్ని దినాలు బయట అనొద్దని మాతోని ఒట్టు ఏయించుకున్నది. ఇగ పోయింది గద. పోయినంకనన్న అసలు వయసు ఏద్దామని ఏయించిన.”

చేతిలో సంచీ బరువెక్కిందని రాయను. అందులో అరకిలో వంకాయలు, ఒక కొత్తిమీర కట్ట తప్ప ఏమీ లేవు. కానీ అతను దింపిన కుర్చీల్లో ఒకదానిలో కూర్చున్నాను. ఆరేళ్ళు కలిపితే ఏమవుతుందో నాకు వెంటనే తెలిసింది. ఎనిమిదేళ్ళ కిందట, ఇదే ఇంట్లో, చదువుకొనే ఒక అమ్మాయి ముందు, ఆ ఆరేళ్ళు తీసేసి నేను ఈమెను అబద్ధాలకోరుగా నిలబెట్టాను.

అందుకని ఇక్కడ సంవత్సరాలు వెయ్యడం లేదు. తేడాలు మాత్రమే రాస్తాను.

ఆమె మా యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో మేట్రన్. తెల్ల నూలు చీర, వేలెడు అంచు, ఎడమ భుజం మీద వరసగా ఆరు పిన్నీసులు. మిగతా ఆడవాళ్ళం పిన్నీసులు పుస్తెలతాడుకో గాజులకో తగిలించుకుంటాం. ఆమెకు రెండూ లేవు. చిన్న వయసులోనే భర్త పోయాడు. అందుకని భుజం మీద పెట్టుకొనేది. హాస్టల్ పిల్లలు వాటిని చూసి, “మన మేడమ్ ర్యాంకు పోలీసులకు కూడా లేదు,” అనుకునేవారు.

ఆ పిన్నీసులు నల్లకుంట మార్కెట్లో ఒకే ఒక్క దుకాణంలో కొనేది. కొనే ముందు ఒక్కొక్కటీ తెరిచి, మొన బొటనవేలి గోరు మీద గీసి చూసేది. గీత పడితే మంచిది, జారితే తిరిగి ఇచ్చేది. దుకాణం అతను, “అమ్మా, బంగారం కొన్నట్టు కొంటున్నవ్,” అంటే, “బంగారం పోతే దొంగకు పోతది. పిన్నీసు పోతే ఇజ్జతు పోతది,” అనేది.

పని చేసేటప్పుడు పిన్నీసులు పెదవుల మధ్య పట్టుకొనేది. నోరు తెరవకుండానే మాట్లాడేది. ‘ఊఁ’ అంటే తిరుగు, ‘ఊఁహూఁ’ అంటే కదలకు, ముక్కుతో గట్టిగా గాలి వదిలితే నీకు బుద్ధి లేదు అని. ఏటా జూన్‌లో కొత్తగా చేరిన పిల్లలు దసరా సెలవులకల్లా ఆ భాష నేర్చుకునేవారు.

స్నాతకోత్సవం రోజున హాస్టల్ గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చునేది. ఒకసారి నేను అక్కడే ఉన్నాను. పట్టుచీర కట్టుకొన్న ఒక పిల్ల పరుగున వెళ్ళబోయింది.

“ఏయ్ పిల్లా, ఆగు. గా కుచ్చిళ్ళేంది, ఉల్లిగడ్డ పొరల్లెక్క?”

“మేడమ్, టైమైతుంది మేడమ్! ప్లీజ్!”

“టైమ్ ఆడనే ఉంటది. స్టేజీ దిగేటప్పుడు పట్టా పైన ఉంటది, నువ్వు కింద ఉంటవు. రా ఇటు.”

మోకాళ్ళ మీద కూర్చొని, కుచ్చిళ్ళు మొత్తం లాగేసి, మళ్ళీ వేసింది. ఆమె పద్ధతి ఎప్పుడూ ఒకటే. ఏడు కుచ్చిళ్ళు. పై కుచ్చి అంచును మాత్రం లోపలికి తిప్పి మడిచి, లోపల నుంచి పిన్నీసు పెడుతుంది. అందరి చీరల్లో ముందు కుచ్చి మీద అంచు నిలువునా పాదాల దాకా కనిపిస్తుంది. ఆమె కట్టిన చీరలో ఆ అంచు కనబడదు. మెట్లు దిగేటప్పుడు మడమ దానికి తగలదని ఆమె వాదన. అలా కట్టేవాళ్ళను నేను ఇంకొకరిని చూడలేదు. తను కట్టుకున్నదీ అలాగే.

“నిలబడ్డప్పుడు అందరు మంచిగనే ఉంటరు. నడిస్తే తెలుస్తది,” అనేది. ఇది చీరల గురించి అనేదో మనుషుల గురించి అనేదో నేను అడగలేదు.

ఒక పని మాత్రం చేసేది కాదు. పెళ్ళిచీర ముట్టుకొనేది కాదు. నల్లగొండ వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయికి రిజిస్టర్ పెళ్ళి. ఆ పొద్దున గదిలో ఉన్నది ఆ అమ్మాయి, సాక్షి సంతకానికి వచ్చిన నేను, ఈమె. ఈమె గుమ్మం దగ్గర రెండు చేతులూ వెనక్కు కట్టుకొని నిలబడింది.

“జాన పెట్టు బిడ్డా. బొటనేలు, చిటికెనేలు. ఆఁ. ఇంకోటి. కింద సమానం జూసుకో. ఇప్పుడు పైది లోపలికి తిప్పు.”

మూడుసార్లు జారిపోయాక ఆ పిల్లకు ఏడుపొచ్చింది. “మేడమ్, మీరే కట్టొచ్చు కదా!”

“మంచి పనికి నా చెయ్యెందుకు బిడ్డా. నోరున్నది గద, నోటితోని కడ్త.”

అలాగే నోటితోనే కట్టించింది. బయటికొచ్చాక నేను ఊరుకోలేక, “ఈ రోజుల్లో ఇవి ఎవరు నమ్ముతారక్కా?” అన్నాను.

“నేను నమ్మ. ఆ పిల్ల నమ్మదు. ఆ పిల్ల తల్లి నమ్ముతది. రేపు ఏమన్న అయిందనుకో, ఆ తల్లికి ఫస్టు నా చెయ్యే యాదికొస్తది.” రెండడుగులు వేసి, “నువ్వు పద రిజిస్టరమ్మా, లేటయితే నీకు నిద్ర పట్టదు,” అంది.

నాకు ఆ పేరు పెట్టింది ఆమే. రిజిస్టరమ్మ. నేను ఆమెను అక్కా అనేదాన్ని. సర్టిఫికెట్ ప్రకారం నాకన్నా రెండేళ్ళు పెద్ద కాబట్టి అక్క. నిజం లెక్కలో ఎనిమిదేళ్ళు పెద్ద. ఆమె మోకాళ్ళు నాకన్నా అంత ముందుగా ఎందుకు అరిగిపోయాయో, కళ్ళలో శుక్లాలు అంత తొందరగా ఎందుకు వచ్చాయో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు, నేలమీద మోకరిల్లే పని కదా, అందుకే అనుకున్నాను. కళ్ళకు ఏం సమాధానం చెప్పుకున్నానో గుర్తు లేదు.

ఇద్దరం రిటైరైనాక తార్నాకలోనే ఇళ్ళు. పొద్దున్నే క్యాంపస్‌లోకి వెళ్ళి, చెట్ల కింది రోడ్డు మీద నడిచి, ఏడున్నరకు వెనక్కు తిరిగేవాళ్ళం. అలా నడుస్తూ చెప్పేది బొంబాయి ముచ్చట. మొత్తం ఒకేసారి ఎన్నడూ చెప్పలేదు. రోజుకో ముక్క.

దేశం మొత్తంలో అందగత్తెను ఎన్నుకొనే పోటీలు మొదలైన కొత్త రోజులవి. ఇప్పటిలా నెలల తరబడి శిక్షణ, డిజైనర్లు, మేకప్ బృందాలు ఏమీ లేవు. ఒక బట్టల మిల్లు చీరలిచ్చింది, ఒక హాలు, ఒక పూట టీ పార్టీలో జడ్జీలు అమ్మాయిలతో మాట్లాడటం, సాయంత్రం స్టేజీ మీద నడవడం. హైదరాబాద్ నుంచి ఎన్నికైన అమ్మాయి ఒక పెద్ద ఆఫీసరు కూతురు. ఈమె ఆ బంగళా వెనక గదిలో ఉంటూ ఆ ఇంటివాళ్ళకు జాకెట్లు కుట్టేది. అమ్మాయి తనంతట తనే ఫొటో పంపుకుంది. తండ్రి సరేనన్నాడు. తల్లి మాత్రం, బంధువులెవరైనా చూస్తే తలెత్తుకోలేను, నేను రానంది. ప్రతి అమ్మాయి వెంట పెద్దావిడ ఒకరు ఉండాలని పోటీవాళ్ళ నియమం. ఇరవై ఒకటి దాటి ఉండాలట.

“నన్నే ఎందుకు పంపిన్రు, ఎరుకేనా?” అనేది. “మొగడు పోయినదాన్ని, నన్నెవడు జూస్తడని. నేను మంచిగ అందరిని జూసొచ్చిన.”

అక్కడ పదకొండు మంది అమ్మాయిలు. సగానికి పైగా ఫ్రాకులు తొడిగే ఇళ్ళ పిల్లలు, ఇంగ్లీషు తప్ప మాట్లాడనివాళ్ళు. మొదటి నడక చీరలో నడవాలి. రిహార్సల్లో ఒక పిల్ల చీర స్టేజీ మీదే ఊడి కుప్పగా పడింది. ఆ పిల్ల దాన్ని దాటుకొని పరుగెత్తింది. అద్దాల గదిలో ఏడుపులు. ఈమె మోకాళ్ళ మీద కూర్చుంది.

“బొంబాయిల నన్ను ఎవ్వలేమడగలె, రిజిస్టరమ్మా. నువ్వెవరు, ఎవలింటిదానివి, నీ మొగడేడి, ఏదడగలె. పిన్నీసు ఉన్నదా అని అడిగిన్రు.”

ఈ మాట చెప్పినప్పుడు ఒక్క క్షణం ఆగేది. రోడ్డు మధ్యలో ఉన్నా ఆగేది. వెనక వచ్చే సైకిళ్ళు బెల్లు కొట్టేవి.

గెలిచిన అమ్మాయికి పెట్టిన కిరీటం తల మీద నిలవలేదట. ఈమె జుట్టులోకి రెండు పిన్నీసులు దూర్చి నిలబెట్టింది. చాలా ఏళ్ళ తర్వాత మన దేశపు అమ్మాయిలు ప్రపంచ పోటీల్లో గెలిచిన రోజున హాస్టల్ టీవీ గదిలో పిల్లలంతా అరుస్తూ గెంతుతుంటే, ఈమె టీవీకి దగ్గరగా జరిగి, కిరీటం వంక చూసి, “వెనుక పెట్టినోళ్ళు ఎవలో మంచిగ పెట్టిన్రు. కదలలె,” అంది. అమ్మాయి గురించి ఒక్క మాట అనలేదు.

“పది మందికి కట్టిన,” అనేది.

“పదకొండు మంది అన్నావు కదక్కా.”

“అవును, పదకొండు మంది.”

“మరి పది అంటున్నావేం?”

“పదికి కట్టిన.”

“అంటే ఒకటి పోయిందా లెక్కలో?”

“నీకు లెక్కలు, నాకు చీరలు. నడువ్, ఎండెక్కుతున్నది.”

ఒకరోజు పది, ఒకరోజు పదకొండు. అంకె నిలకడగా లేని మనిషి అని మనసులో రాసుకున్నాను.

ఎనిమిదేళ్ళ కిందట ఒక అమ్మాయి వచ్చింది. క్యాంపస్‌లో చరిత్ర శాఖలో పరిశోధన చేస్తోంది, సిద్దిపేట వైపు వ్యవసాయం చేసుకొనే కుటుంబం. ఈ పోటీల తొలినాళ్ళ చరిత్ర ఆ అమ్మాయి పరిశోధన విషయం. ఎవరో పాత హాస్టల్ విద్యార్థిని చెప్పగా మా మేట్రన్‌ను వెతుక్కుంటూ వచ్చింది. నేనూ ఉండాలని ఈమె నన్ను పిలిచింది. ఆ పొద్దున తెల్లచీరకు గంజి పెట్టి కట్టుకుంది. భుజం మీద ఆరు పిన్నీసులూ కొత్తవి.

అమ్మాయి కింద చాప మీద కూర్చొని ఫోన్ మధ్యలో పెట్టింది. “మేడమ్, స్టేజీ మీదికి పోయినోళ్ళ పేర్లు నాకు పాత పత్రికలల్ల దొరికినయ్. వెనుక పనిచేసినోళ్ళది ఒక్క పేరు దొరకలే. రెండేండ్ల సంది తిరుగుతున్న. మీరొక్కరే దొరికిండ్రు. మీరు చెప్పేది ఒక పూర్తి చాప్టర్ అయితది.”

ఈమె ముఖం చూశాను. నాకు ఇన్నేళ్ళుగా ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఆ రోజు వరసగా చెప్పింది. రైలు, హాలు, ఊడిపోయిన చీర, కిరీటం. నలభై నిమిషాలు. అమ్మాయి రాసుకోవడం కూడా మానేసి వింటోంది.

నేను ఊరుకొని ఉండవలసింది. “అప్పటికి నీ వయసెంతక్కా?” అన్నాను. పరిశోధనలో వయసు ఉండాలి కదా.

“ఇరవై మూడు,” అంది వెంటనే.

“ఇరవై మూడు ఎలా అవుతుంది?” నేను కూడుకున్నాను. “పోటీ జరిగిన సంవత్సరం ఈ అమ్మాయే చెప్పింది. నీ పుట్టినతేదీ నాకు తెలుసు. పెన్షన్ కాగితాల మీద నా చేత్తో రాశాను. అప్పటికి నీకు పదిహేడు.”

అమ్మాయి ఫోన్ మీదే తీసివేసి చూసింది. మెల్లగా అంది: “మేడమ్… పదిహేడంటే… తోడుకు వచ్చేటోళ్ళు ఇరవై ఒకటి దాటాలని రూల్ ఉన్నది. ఆ పత్రిక కాపీ నా దగ్గర ఉన్నది.”

“అంతే కాదు,” అన్నాను. ఇది కూడా అన్నాను. “ఒకసారి పది మంది అంటుంది, ఒకసారి పదకొండు మంది అంటుంది.”

ఈమె నా వంక చూడలేదు. ఫోన్ వంక చూసింది. “గది నడుస్తున్నదా బిడ్డా?”

“అవును మేడమ్, రికార్డ్ అయితున్నది.”

బయట లోకల్ రైలు స్టేషన్లోకి వస్తున్న చప్పుడు వినిపించింది. అది ఆగింది, మళ్ళీ బయలుదేరింది. అంతసేపు ఆలోచించింది.

“అయితే రిజిస్టరమ్మ చెప్పిందే కరెక్టు,” అంది. “ముసలిదాన్నయిన. ఎవలో చెప్తే ఇన్న ముచ్చట నాదే అనుకున్ననేమొ. రాసుకోకు బిడ్డా. చాయ్ తాగుతవా?”

తన వయసు ఇరవై మూడని ఆ రికార్డులో నిలబెట్టుకుంటే, తన సర్టిఫికెట్ తేదీ తప్పని తన నోటితో చెప్పినట్టు. ఆ తేదీ మీదే ఉద్యోగం వచ్చింది, ఆ తేదీ మీదే ఆరేళ్ళు ఎక్కువ పనిచేసింది, ఆ తేదీ మీదే పెన్షన్ వస్తోంది. ఆ పెన్షన్ తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. జీవితంలో తన చెయ్యిని ఎవరూ అనుమానించని ఆ నాలుగు బొంబాయి రోజులను, రైలు ఆగి బయలుదేరేలోగా వదిలేసుకుంది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నేను చాయ్ తాగాను. చక్కెర ఎక్కువైందని కూడా అన్నాను.

మర్నాడు పొద్దున నడకకు వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చింది. నా పైట జారి ఉంటే భుజం మీది పిన్నీసు తీసి పెట్టింది. “పద,” అంది. ఎనిమిదేళ్ళు నడిచాం. బొంబాయి అన్న మాట ఆమె నోట మళ్ళీ రాలేదు. అది నేను గమనించాను. గమనించి, నా లెక్క సరైనదనడానికి ఇంకో రుజువుగా వేసుకున్నాను. థీసిస్ లైబ్రరీకి వచ్చాక వెళ్ళి తిరగేశాను. అందులో ఆమె లేదు. తృప్తిగా ఇంటికొచ్చాను.

ఇక నేను చెయ్యని లెక్క ఒకటి ఉంది. రజాకార్ల కాలంలో తమ్ముణ్ణి చంకనేసుకొని, తల్లి కొంగు పట్టుకొని, జొన్న చేలలో పడి పరుగెత్తిన సంగతి ఆమె నాకు నాలుగుసార్లయినా చెప్పింది. జొన్న ఆకులు గీరుకొన్న చారలు మోచేతి మీద చూపించింది కూడా. సర్టిఫికెట్ ప్రకారం అప్పటికి ఆమెకు ఒక ఏడాది. ఏడాది పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకొని పరుగెత్తుతుందా? ఆరు కలిపితే ఏడేళ్ళ పిల్ల, నాలుగేళ్ళ తమ్ముడు. సరిగ్గా సరిపోతుంది. వేలి కొసల మీద అయ్యే లెక్క. నేను చెయ్యలేదు. పరీక్షల విభాగంలో మాకు వచ్చే సర్టిఫికెట్లలో సగం మంది జూన్, జూలై నెలల్లో ఒకటో తారీఖునే పుట్టి ఉంటారు. మన రాష్ట్రమంతా బడి తెరిచే రోజునే పుట్టిందని మేమే నవ్వుకునేవాళ్ళం. అన్ని సర్టిఫికెట్లనూ చూసి నవ్విన నేను ఈ ఒక్కదాన్ని ఎందుకు నమ్మాను? ఆ అంకె పెన్షన్ కాగితాల మీద నా దస్తూరీతో ఉంది కాబట్టి.

దినాలు అయిపోయాక, ఫ్లెక్సీ విప్పుతుంటే అడిగి తెచ్చుకున్నాను. అది నా కంటే పొడుగు. చుట్టి, రెండు చోట్ల తాడు కట్టి, ఆటోలో అడ్డంగా పెట్టుకొని క్యాంపస్‌కు బయలుదేరాను.

“ఎవల్దమ్మా ఫ్లెక్సీ? లీడర్దా?” అన్నాడు ఆటో అతను.

“మేట్రన్‌ది.”

“ఏ పార్టీ?”

“ఏ పార్టీ కాదు నాయనా. చూసి నడుపు.”

అప్పటి పరిశోధక విద్యార్థిని ఇప్పుడు అదే శాఖలో పాఠాలు చెబుతోంది. కాస్త ఒళ్ళు చేసింది, కళ్ళజోడు వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. ఆమె బల్ల మీది పుస్తకాలు జరిపించి ఫ్లెక్సీ విప్పాను. సగం బల్ల మీద, సగం నేల మీద. జననం దగ్గర వేలు పెట్టి, “పోటీ సంవత్సరంలోంచి దీన్ని తీసెయ్యి,” అన్నాను.

తీసింది. పెన్ను కింద పెట్టింది.

“ఇరవై మూడు,” అంది.

“ఆమె చెప్పింది నిజం. నేను చెప్పింది సర్టిఫికెట్.” సంగతంతా చెప్పాను. తమ్ముడి కొడుకు వేసిన ఒట్టు, హెడ్‌మాస్టర్, జొన్న చేలు.

“మా నాయన డేటు కూడ అట్లనే మేడమ్,” అంది ఆ అమ్మాయి. “మా ఊర్ల అందరివీ అట్లనే. నాకన్న తట్టాలె. మీరు అంకె చెప్పంగనే నేను నమ్మిన.” తర్వాత లేచి కంప్యూటర్ నా వైపు తిప్పింది. “థీసిస్ పుస్తకంగ వస్తున్నది. వచ్చే నెల ప్రెస్సుకు పోతది. పోయినేడు ఒక ఫొటో దొరికింది. ఆ పోటీకి పోయిన ఒకామె మనుమరాలు పంపింది. చూడండి.”

నలుపు తెలుపు ఫొటో. స్టేజీ వెనక గది. పదకొండు మంది అమ్మాయిలు వరసగా నిలబడ్డారు, ఒంటి మీద అడ్డంగా ఊరి పేరు రాసిన పట్టీలు. ఎడమ చివర, ఫొటో అంచు దగ్గర, తెల్లచీర కట్టిన ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చొని ఉంది. ముఖం సగమే పడింది. పెదవులు గట్టిగా మూసి ఉన్నాయి, వాటి మధ్య సన్నగా ఏదో మెరుస్తోంది. కింద ఆ అమ్మాయి రాసిన వివరం: పోటీదారులు, గుర్తు తెలియని ఆయా.

“పెద్దది చెయ్యి,” అన్నాను.

పెద్దది చేసింది. ఎడమ భుజం మీద పిన్నీసులు కనిపించాయి. నాలుగే ఉన్నాయి. మిగతా రెండూ నోట్లో ఉన్నాయి.

“ఇప్పుడు చీరలు చూపించు. ఒక్కొక్కటీ. కుచ్చిళ్ళ దగ్గర.”

ఎడమ నుంచి మొదలుపెట్టాం. మొదటి అమ్మాయి, ముందు కుచ్చి మీద అంచు లేదు. రెండో అమ్మాయి, లేదు. మూడు, లేదు. నేను కాగితం మీద గీతలు గీస్తూ వచ్చాను. ఏడో అమ్మాయి దగ్గర ఆగాను. అంచు నిలువునా పాదాల దాకా కనిపిస్తోంది. కుచ్చిళ్ళు ఏడు కాదు, ఐదే ఉన్నాయి, అవీ ఎగుడుదిగుడుగా. ఎవరికి వాళ్ళు తొందరలో కట్టుకున్నట్టుంది. ఎనిమిది నుంచి పదకొండు దాకా మళ్ళీ ఆమె చేతిదే.

“ఏడో అమ్మాయి పట్టీ మీద ఏమని ఉంది?” అన్నాను. నాకు కనబడుతూనే ఉంది. అయినా అడిగాను.

“హైదరాబాద్,” అంది.

బొంబాయిలో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. పది మందికి ఆమె ఎవరో తెలియదు కాబట్టి ఆమె చేతిని పిలిచారు. మిగిలిన ఆ హైదరాబాద్ పిల్లకు తెలుసు, భర్త పోయిన మనిషని. ఇంటి దగ్గర తల్లి చెప్పి పంపిందో, ఆ పిల్లే వద్దందో, ఎవరూ అనకముందే ఈమె చేతులు వెనక్కు కట్టుకుందో నాకు తెలియదు. తెలియనిది రాయను. చేతులు వెనక్కు కట్టుకొని నిలబడటం మాత్రం నేను నా కళ్ళతో చూశాను.

నా కాగితం మీద పది గీతలున్నాయి.

ఆ అమ్మాయి అప్పటికే వివరం మారుస్తోంది. ఆయా అన్న మాట తీసేసి ఆమె పేరు కొట్టింది. ఇక్కడ నేను రాయని ఆ పేరు ఆ పుస్తకంలో ఉంటుంది. “పదకొండు మందికి చీరలు కట్టినావిడ, అని పెడ్తున్న మేడమ్.”

“పది.”

“ఒక్కటే కద మేడమ్ తేడా. అందరికీ అంటే నిండుగ ఉంటది.”

“ఆమె పది అనే చెప్పింది. నేను ఎన్నిసార్లు తప్పు పట్టినా పదే అంది. పది అని రాయి.”

రాసింది. కంప్యూటర్ నా వైపు పూర్తిగా తిప్పించుకొని, అక్షరం అక్షరం చదువుకున్నాను.

“అప్పటి వయసు కూడ పెట్టాల్నా మేడమ్?”

“పెట్టు,” అన్నాను. “ఇరవై మూడు.”